సైన్స్ ఫిక్షన్ నాకెందుకు కొరుకుడు పడట్లేదు? అలవాటైనవాళ్ళు కాస్త చెప్పండి

కందిపొడి | మంగళవారం, రాత్రి 10:17

అందరికీ నమస్కారం. ఈ పుస్తకాల విభాగంలో చదివి వెళ్ళిపోవడమే తప్ప రాయడం ఇదే మొదలు. మాది విజయవాడ, బ్యాంకు ఉద్యోగం. పల్లె కథో కుటుంబ కథో చేతికిస్తే రాత్రి రెండింటిదాకా దీపం ఆర్పను. సైన్స్ ఫిక్షన్ అనగానే మాత్రం నా బుర్ర మొరాయిస్తుంది.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే మావాడి వల్ల. ఇంటర్ రెండో సంవత్సరం. నాతో రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప, అందులో నాలుగు "చార్జర్ ఎక్కడమ్మా". అన్నం తింటూ కూడా లియు సిషిన్ అనే చైనా రచయిత నవల 'త్రీ బాడీ ప్రాబ్లమ్' చదువుతుంటాడు. వాడు కాలేజీకి వెళ్ళాక నేనూ తీశాను.

మొదట్లో పుస్తకం కింద పెట్టలేదు. 1967, చైనాలో సాంస్కృతిక విప్లవం. ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ని వేదిక మీద నిలబెట్టి కొట్టి చంపుతుంటే కూతురు జనంలో నిలబడి చూస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇంత మంచి నవలని ఇన్నాళ్ళు పక్కన పెట్టానే అనుకున్నాను. ఆ తర్వాత ఇంకెవరో ఒక వీడియో గేమ్‌లోకి వెళ్ళాడు. అందులో సూర్యుడు ఎప్పుడొస్తాడో తెలీదట. మనుషులు ఒంట్లో నీళ్ళన్నీ తీసేసుకుని చాపల్లా చుట్ట చుట్టుకుపోతారట. అక్కడ పుస్తకం మూసేశాను.

లోపం నాదా, పుస్తకానిదా? మీకెవరికైనా మొదట్లో ఎక్కక తర్వాత ఎక్కిందా? ఎలా?

అర్ధరాత్రి_చదువు | మంగళవారం, రాత్రి 11:52

అక్కా, మీరు మూసేసిన చోటే నేను పడిపోయాను. చాపలా చుట్టుకుపోయినవాళ్ళని మంచి రోజులొచ్చాక మళ్ళీ నీళ్ళలో నానేసి లేపుతారు. మా అమ్మమ్మ ఎండాకాలం వడియాలు పెట్టి వానాకాలానికి దాచేది గుర్తొచ్చింది.

పొద్దున వివరంగా రాస్తాను.

లెక్కల_పంతులు | బుధవారం, ఉదయం 6:05

అమ్మా కందిపొడీ, రెండు ముక్కలు చెబుతాను. అమలాపురం పక్కన ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, రెండు ముక్కలంటే నాలుగవుతాయి, ఓర్చుకో.

ఆకాశంలో రెండే వస్తువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరుగుతుంటే అవి వెయ్యేళ్ళ తర్వాత ఎక్కడుంటాయో కాగితం మీద వేసి చూపించవచ్చు. న్యూటన్ ఆ పని చేశాడు. మూడోది వచ్చి చేరిందా, అన్ని సందర్భాలకూ పనికొచ్చే సూత్రం దొరకదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పాంకారే అనే ఫ్రెంచి గణితవేత్త ఇందులో తల పెట్టి, మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉంటే చివరికి ఆకాశమంత తేడా వస్తుందని తేల్చాడు. ఈ మూడు వస్తువుల చిక్కే నవల పేరు.

ఇప్పుడు దీన్ని మనింట్లోకి తెచ్చుకో. ఉగాది రోజు గుళ్ళో పంచాంగం చదువుతారు కదా. మృగశిర కార్తె ఫలానా రోజు, గ్రహణం ఫలానా ఘడియల్లో అని. మనకి ఒక్కడే సూర్యుడు కాబట్టి ఆ పుస్తకం రాయగలిగారు. మూడు సూర్యుళ్ళున్న ఊళ్ళో పంచాంగం రాయడం ఎవరి తరమూ కాదు. రేపు తెల్లవారుతుందో లేదో తెలీదు. తెల్లవారితే ఒక సూర్యుడో మూడో తెలీదు. విత్తనం ఎప్పుడు చల్లాలి? పిల్ల పెళ్ళికి ముహూర్తం ఎవరు పెడతారు? ఆ గేమ్‌లో నువ్వు చూసింది పంచాంగం కోసం తన్నుకులాడుతున్న ఒక జాతిని. మహామహుల్ని పిలిపించి లెక్కలు కట్టిస్తారు, లెక్క తప్పితే అందరూ ఎండిపోతారు, లేదా గడ్డకట్టిపోతారు.

ఒక చాడీ కూడా చెప్పేస్తాను. రచయిత ఆ మూడు సూర్యుళ్ళని మనకి నాలుగు కాంతి సంవత్సరాల పైన ఉన్న ఆల్ఫా సెంటారీ దగ్గర పెట్టాడు. అక్కడ నిజంగానే మూడు నక్షత్రాలున్నాయి గానీ, మూడోది మిగతా రెంటికీ చాలా దూరంలో బుద్ధిగా తిరుగుతుంటుంది. అంత అల్లకల్లోలం ఉండదు. కథ కోసం ఆయన కాస్త చనువు తీసుకున్నాడు, పోనీలే.

కందిపొడి | బుధవారం, ఉదయం 9:40

మాష్టారూ, "పంచాంగం రాయలేని ఊరు" అన్నారు చూడండి, క్యాష్ కౌంటర్లో కూర్చుని కూడా అదే ఆలోచిస్తున్నాను. మరి ఆ మాట రచయితే చెప్పొచ్చుగా? నన్నెందుకు అరవై పేజీలు చీకట్లో నడిపించడం?

అర్ధరాత్రి_చదువు | బుధవారం, మధ్యాహ్నం 1:15

అక్కా, అసలు కిటుకు అక్కడే ఉంది. సైన్స్ ఫిక్షన్ చదవడానికి వేరే కళ్ళు కావాలి, నాకది తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

శామ్యూల్ డెలానీ అని అమెరికన్ రచయిత ఒకాయన ఒక ఉదాహరణ ఇస్తాడు. "ఆమె లోకం బద్దలైంది." మామూలు నవల్లో ఈ వాక్యం చదివితే ఏమనుకుంటాం? మొగుడు పోయాడు, లేదా మోసం చేశాడు. సైన్స్ ఫిక్షన్లో అదే వాక్యం వస్తే ఆవిడ పుట్టిన గ్రహం నిజంగానే ముక్కలై ఉండొచ్చు. మన చదువంతా అలంకారాలతో గడిచింది కదా, ఏ వాక్యం చూసినా దాని వెనక ఇంకో అర్థం వెతుకుతాం. ఇక్కడ ముందు అక్షరాలా నమ్మాలి. వాళ్ళు చాపల్లా చుట్టుకున్నారంటే చుట్టుకున్నారు, అంతే. దేనికి ప్రతీకో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇంకొకటి. రాబర్ట్ హైన్‌లైన్ 1942లో ఒక నవల్లో తలుపు తెరుచుకుంది అనడానికి బదులు కనుపాప విచ్చుకున్నట్టు విచ్చుకుంది అనే అర్థంలో ఒక్క మాట వేసి ముందుకెళ్ళిపోయాడు. ఆ తలుపు ఎలా పనిచేస్తుందో చెప్పలేదు. పాత్రలు కూడా ఆశ్చర్యపోలేదు. అంటే అది వాళ్ళకి మన ఇంటి గడియలాంటిదన్నమాట. లోకం మారిందని చెప్పకుండానే చెప్పేశాడు. ఆ ఒక్క మాట దగ్గర ఆగి, "ఓహో, ఇక్కడ తలుపులు ఇలా ఉంటాయా, మరి కిటికీలో?" అనుకోవడమే ఆట. మీరు చీకటి అంటున్నది రచయిత కావాలని వదిలిన ఖాళీ. పొడుపుకథ విప్పేసి ఇస్తే ఎవరు ఆడతారు?

నేను మొదట్లో ప్రతి పేజీకీ కంగారుపడేవాణ్ణి. అర్థం కాని మాట వస్తే నేను మొద్దునేమో అని. ఇప్పుడు అర్థం కాని మాట వస్తే జేబులో వేసుకుని ముందుకెళ్ళిపోతాను. పది పేజీల తర్వాత అదే తెలుస్తుంది.

గోదారిగట్టు | బుధవారం, సాయంత్రం 5:30

అందరూ పాట పాడుతున్నారు కాబట్టి నేను కాస్త శ్రుతి తప్పుతాను. ఇరవై పైన చదివాను, ఇష్టంగానే. కానీ మనుషులెక్కడున్నారండీ వీటిలో? అమెరికన్ రచయిత అసిమోవ్ నవల 'ఫౌండేషన్' తీసుకోండి. వేల ఏళ్ళ చరిత్ర, గెలాక్సీ అంతా సామ్రాజ్యం. తీరా చూస్తే గదుల్లో కూర్చుని చుట్టలు కాల్చుకుంటూ మాట్లాడుకునే మగవాళ్ళు. ఒక్కడికీ ఆకలెయ్యదు, ఒక్కడికీ జ్వరం రాదు. వాళ్ళమ్మ ఎవరో తెలీదు. కందిపొడి గారికి ఆ ప్రొఫెసర్ చావు నచ్చింది, గేమ్ నచ్చలేదు అంటే ఆవిడ రుచి సరిగ్గానే ఉందని అర్థం. మనసు మార్చుకోవలసిన అవసరం లేదు.

అర్ధరాత్రి_చదువు | బుధవారం, సాయంత్రం 6:02

ఫౌండేషన్ గురించి మీతో గొడవ లేదు అన్నా. కానీ సైన్స్ ఫిక్షన్ రాసే థియొడోర్ స్టర్జనే 1950లలోనే ఒప్పేసుకున్నాడు, సైన్స్ ఫిక్షన్లో నూటికి తొంభై పాళ్ళు చెత్తే అని. ఆ వెంటనే, ఏ రంగంలో అయినా నూటికి తొంభై పాళ్ళు చెత్తే అన్నాడు. మన వారపత్రికల సీరియళ్ళలో ఎన్ని మిగిలాయో లెక్కేసుకోండి.

గోదారిగట్టు | బుధవారం, సాయంత్రం 6:10

అది మాత్రం కాదనలేను.

స్కైలాబ్_బాబాయ్ | బుధవారం, రాత్రి 9:25

నేను పెద్ద సదువుకున్నోణ్ణి గాదు. బస్సు డిపోల మెకానిక్. ఇంకో రెండేండ్లకు రిటైర్ ఐత. మా ఊరు ఇబ్రహీంపట్నం దిక్కు. గోదారిగట్టు సార్ మనుషులెక్కడున్నరు అన్నడు గదా, దానికే రాస్తున్న.

1979ల నాకు పదకొండేండ్లు. అమెరికోళ్ళు అంతరిక్షంల పెట్టిన స్కైలాబ్ స్టేషన్ పైకెల్లి పడుతదని రేడియోల చెప్పిన్రు. 77 టన్నుల డబ్బా, ఏడ పడుతదో అమెరికోనికి గూడ తెల్వది. మా ఊర్ల ఇగ చూడాలె. సచ్చిపోతుంటిమి గదా అని కోళ్ళన్ని కోసుకొని తిన్నరు. మేకలు అగ్గువకు అమ్ముకున్నరు, కొన్నోడు గూడ సచ్చేటోడే గదా, ఎందుకు కొన్నడో ఇప్పటికీ నాకు సమజ్ గాదు. మా నాయినకు అప్పిచ్చినాయన అడుగుడు బంజేసిండు. ఇంటికొచ్చి కల్లు తాగి, ఏడ్చి, పోయిండు. జులై 11 నాడు అది పోయి పోయి హిందూ మహాసముద్రంల, ఆస్ట్రేలియ పడమటి దిక్కు పడ్డది. తెల్లారి ఆ అప్పాయన మల్ల మా ఇంటి ముందటికొచ్చి నిలవడ్డడు. మిత్తితోని సహా.

అండ్ల స్కైలాబ్ ఎట్ల తయారైందన్నది నాకు అక్కరలేదు. ఆ డబ్బా పడుతున్నదంటే మనిషి ఏం జేస్తడన్నదే కత.

మల్ల ఏడు 1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ సూర్యగ్రహణం. మా పక్కన్నే జపల్-రంగాపూర్‌ల ఉస్మానియా యూనివర్సిటోళ్ళ వేధశాల ఉండె, ఆడికి దేశదేశాలకెల్లి సైంటిస్టులొచ్చిన్రు. మా ఊరోళ్ళేమో తలుపులు బిగించుకొని, తొక్కు జాడీల మీద దర్భలేసుకొని ఇంట్ల కూసున్నరు. నేను తడక సందులకెల్లి చూసిన. పగటిపూట మూడు దాటింది, ఒక్కసారి సందె పడ్డట్టైంది. కోళ్ళు గూట్లకు పోయినయ్. కుక్కలు మొరుగుడు బంజేసినయ్. రెండు నిమిషాలో ఎంతో. మా తాత ఏమంటలేడు, నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

ఇరవయ్యేండ్లకు ఆబిడ్స్‌ల ఐతారం నాడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తుంటే ఒక ఇంగ్లిష్ పుస్తకం దొరికింది, పది రూపాలు. అండ్ల అసిమోవ్ రాసిన 'నైట్‌ఫాల్' అని కత. 1941ల రాసిండంట, అప్పటికి ఆయనకు ఇరవయ్యొక్క ఏండ్లు. ఆ లోకంల ఆరుగురు సూర్యులు. ఎప్పుడూ ఎవరో ఒకరు పైన ఉంటరు, రాత్రంటేనే తెల్వదు. 2049 ఏండ్లకొకసారి మాత్రం చీకటైతది. నేను డిక్షనరీ పక్కన పెట్టుకొని పదిహేను రోజులు సదివిన. ఒక్కొక్క లైన్ సదువుతుంటే నా చేతి మీద మా తాత చెయ్యే ఉన్నది. ఆఖరుకు ఏమైతదో చెప్ప. ఆ దినం సంది నేను ఈ కతలకు గులాం.

అమ్మా, ముందుగాల ఆ చిన్న కత సదువు. పెద్ద నవలతోని మొదలువెడితె, ఈత రానోడు కృష్ణల దూకినట్టే.

ఫ్రిస్కో_పిన్ని | గురువారం, ఉదయం 4:48

బాబాయ్, ఆఫీసులో కూర్చుని చదువుతూ కళ్ళు తుడుచుకుంటున్నా. పక్క సీటువాడు ఏమైందని అడిగితే ఏం చెప్పను, తొక్కు జాడీ అని చెప్పనా?

గోదారిగట్టు | గురువారం, ఉదయం 7:30

స్కైలాబ్ బాబాయ్ గారూ, నేను ఓడిపోయాను. మీరు మాత్రం రాయడం ఆపకండి.

పులికాట్_కొంగ | గురువారం, మధ్యాహ్నం 12:20

మాది సూళ్ళూరుపేట. శ్రీహరికోట మాకు పక్కనే, మధ్యలో పులికాట్ సరస్సు. చిన్నప్పుడు లాంచ్ ఉందంటే వీధంతా మేడలెక్కేది. ముందు వెలుగు కనిపిస్తుంది, నిప్పుముద్ద నోరు మూసుకుని పైకి పోతున్నట్టు. చప్పుడుండదు. మా నాయన మా చేత అంకెలు లెక్కపెట్టించేవాడు. ఒకటి, రెండు... యాభై దాటాక అప్పుడొచ్చేది మోత. కిటికీ రెక్కలు దడదడలాడేవి. అప్పటికి రాకెట్ ఎక్కడికో పోయుండేది. మనం వినేది అయిపోయిన సంగతి అబ్బా అనేవాడు నాయన.

నేను సైన్స్ ఫిక్షన్లోకి వచ్చింది ఆ యాభై అంకెల మీదుగానే. శబ్దానికి కిలోమీటరుకి మూడు సెకన్లు. సూర్యుడి వెలుగు మన దగ్గరికి రావడానికి ఎనిమిది నిమిషాల పైన. పంతులుగారు చెప్పిన ఆల్ఫా సెంటారీకి ఒక "బాగున్నారా" పంపితే, "ఆఁ బాగున్నాం" అని తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళ పైన. అడిగినప్పుడు ఇంటర్లో ఉన్న పిల్లోడు జవాబొచ్చేసరికి పెళ్ళికొడుకు. ఈ ఎడబాటు మీద ఎంతమంది ఎన్ని కథలు రాశారో! మన గల్ఫ్ ఉత్తరాల కాలం తెలిసినవాళ్ళకి ఇది కొత్త బాధేం కాదు.

ఇంకో సంగతి. సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే ఒక రేడియో పత్రికలో వ్యాసం రాశాడు. భూమధ్యరేఖకి పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం పెడితే అది భూమితో సమానంగా తిరుగుతూ మనకి ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది, మూడు పెడితే ప్రపంచమంతా ప్రసారాలు చెయ్యొచ్చని. అప్పటికి ఒక్క ఉపగ్రహం కూడా పైకి పోలేదు. తర్వాత 1956లో శ్రీలంక వచ్చి అక్కడే ఉండిపోయాడు. మా మేడ మీద డిష్షు తిరిగి ఉన్న దిక్కు చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. వాన పడి సిగ్నల్ పోయినప్పుడు కూడా, కాస్త వేరే రకంగా.

భాగవతప్రియ | గురువారం, రాత్రి 8:00

ఇన్ని చెప్పారు, మన భాగవతం మాట ఎవరూ ఎత్తలేదు. నవమ స్కంధంలో రైవతుడి కథ ఉంది. కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గానం జరుగుతుంటే కాసేపు ఆగుతాడు. బ్రహ్మ నవ్వి, "నువ్వు అనుకున్నవాళ్ళంతా ఎప్పుడో పోయారు, భూమి మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి" అంటాడు. కాలం చోటుచోటుకీ మారుతుందని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు. ఐన్‌స్టీన్ చెప్పింది కొత్తేముంది?

గోదారిగట్టు | గురువారం, రాత్రి 8:04

మొదలైంది.

లెక్కల_పంతులు | గురువారం, రాత్రి 9:15

గోదారిగట్టూ, వెటకారం వద్దు. రైవతుడి కథంటే నాకూ ప్రాణం. పిల్లలకి సాపేక్ష సిద్ధాంతం చెప్పే ముందు ఆ కథే చెప్పేవాణ్ణి.

కానీ భాగవతప్రియగారూ, ఒక తేడా చూడండి. రైవతుడు తిరిగొచ్చాక ఏం చేశాడు? బ్రహ్మ చెప్పినట్టే కూతుర్ని బలరాముడికిచ్చి తపస్సుకి వెళ్ళిపోయాడు. ఆ కాలభేదం ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు, అడగనక్కర్లేదు కూడా, అది బ్రహ్మలోక మహిమ. సైన్స్ ఫిక్షన్ రాసేవాడికి ఆ సౌకర్యం లేదు. ఎంత వేగంతో వెళ్ళాడు, ఎన్నేళ్ళు తేడా రావాలి అని లెక్క వెయ్యాలి, లెక్క తప్పితే నాలాంటివాడు కార్డు ముక్క రాస్తాడు. మహిమకి లెక్కుండదు, అదే దాని అందం. దీనికి లెక్క ఉంటుంది, దీని అందం దీనిది. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పేటిక మూత తీస్తే శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. దాన్ని చూసి వీడియో కాల్ అనుకుని మురిసిపోతాం, తప్పులేదు. కానీ ఆ పెట్టె పాడైతే బాగుచేసేవాడెవడు అని అడిగితే ఆ సినిమా సినిమాగా ఉండదు. సైన్స్ ఫిక్షన్ మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.

సైంటిస్టులే స్వయంగా రాసినవి మన దేశంలో ఉన్నాయి. జగదీశ్ చంద్ర బోస్ 1896లో బెంగాలీలో ఒక కథ రాశాడు. ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీ కోసం! ఓడలో వెళ్తున్న ఒకాయన తుఫానొస్తే తలకి రాసుకునే నూనె సీసా సముద్రంలోకి విసిరేస్తాడు, తుఫాను చల్లారిపోతుంది. అక్కడ సైంటిస్టులు ఆ తుఫాను ఏమైపోయిందో తెలీక జుట్టు పీక్కుంటారు. జయంత్ నార్లీకర్ 1974లో మరాఠీలో కథల పోటీకి తన ఇంటిపేరు, పేరు పొడి అక్షరాలు తిరగేసి మారుపేరుతో పంపాడు. తన పేరు చూసి బహుమతి ఇవ్వకూడదని. బహుమతి వచ్చింది.

నిర్వాహకుడు | గురువారం, రాత్రి 9:40

పురాణాల్లో విజ్ఞానం ఉందా లేదా అన్న చర్చకి వేరే దారం ఉంది, 340 పేజీలు నడుస్తోంది, దయచేసి అక్కడికి. ఇక్కడ కందిపొడి గారి ప్రశ్న మీద ఉండండి.

ఫ్రిస్కో_పిన్ని | శుక్రవారం, ఉదయం 6:30

కందిపొడీ, అమ్మలకి అమ్మల దారి ఒకటుంది. టెడ్ చియాంగ్ 1998లో రాసిన 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' చదువు. పెద్ద కథ, ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. గ్రహాంతరవాసులు వస్తారు, వాళ్ళ భాష నేర్చుకోవడానికి ఒక భాషాశాస్త్రవేత్తని పిలుస్తారు. ఆవిడ కథ చెబుతున్నది తన కూతురికి. అంతవరకే చెబుతాను.

నా పెద్దది యూనివర్సిటీకి వెళ్ళిన వారమే చదివాను. ఆ తల్లి కూతురితో, నువ్వు ఇలా చేస్తావు, నువ్వు అలా అంటావు అని జరగబోయేవన్నీ జ్ఞాపకాల్లా చెబుతుంటుంది. ఇంగ్లిషులో ఆ కాలాల మెలిక వింతగా అనిపిస్తుంది. తెలుగులో మనసులో చెప్పుకుంటే మాత్రం, ఏముంది, "నువ్వు నవ్వుతావు" అంటే రోజూ నవ్వుతావనీ అవుతుంది, రేపు నవ్వుతావనీ అవుతుంది. రెండింటికీ మనకి ఒక్కటే మాట. "పిల్ల సాయంత్రం ఇంటికొస్తుంది." రోజూనా, రేపా? ఖాళీ గది తలుపు దగ్గర నిలబడి ఆ వాక్యం అనుకున్నాను. ఇంక ఆ కథ నన్ను వదల్లేదు.

సినిమా కూడా వచ్చింది 2016లో. ముందు కథ చదువు. సినిమాలో కూతురు చివరికి

నిర్వాహకుడు | శుక్రవారం, ఉదయం 6:41

పిన్నిగారూ, చివరి వాక్యం సగానికి కత్తిరించాను. ముగింపులు చెప్పొద్దని నియమం.

ఫ్రిస్కో_పిన్ని | శుక్రవారం, ఉదయం 6:43

అయ్యో, సారీ. చెయ్యి జారింది.

అర్ధరాత్రి_చదువు | శుక్రవారం, రాత్రి 11:30

పిన్నిగారు వ్యాకరణం ఎత్తారు కాబట్టి నన్ను ఆపలేరు.

ఉర్సులా లెగ్విన్ 1969లో 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' రాసింది. ఆ గ్రహం మీద మనుషులు ఆడా కాదు, మగా కాదు. నెలలో కొన్ని రోజులు మాత్రం ఎవరైనా ఏదైనా కావచ్చు. ఒకే మనిషి ఒక బిడ్డకి తల్లి, ఇంకో బిడ్డకి తండ్రి. అందులో ఒక చిన్న వాక్యం చాలా ప్రసిద్ధం: రాజు గర్భంతో ఉన్నాడని. నేను సరదాకి తెలుగు చేద్దామని కూర్చున్నాను. "రాజుగారు గర్భవతి" అంటే అప్పుడే ఆడమనిషి అయిపోయింది. "గర్భవంతుడు" అంటే నవ్వులాట. చివరికి మా అమ్మని అడిగితే చేస్తున్న పని ఆపకుండా, "రాజుగారికి నెల తప్పింది, అను" అంది. అంతే! దాంట్లో ఆడా లేదు, మగా లేదు, మర్యాద కూడా పోలేదు.

లెగ్విన్ ఇంగ్లిషులో అందరికీ "అతడు" అనే వాడింది. దానికి విమర్శలొచ్చాయి, మొదట సమర్థించుకుంది, 1987లో తన పాత వ్యాసానికే పక్కన కొత్త వ్యాఖ్యలు రాసి, అది పొరపాటేనని ఒప్పుకుంది. తెలుగులోనైతే? "వచ్చాడు" అంటే మగ. "వచ్చింది" అంటే ఆడమనిషీ, ఆవూ, బస్సూ అన్నీ ఒకటే. "వచ్చారు" అంటే ఎవరైనా కావచ్చు! ఆహా దొరికింది అనుకున్నాను. కానీ అప్పుడు ఆ గ్రహం మీద దొంగ కూడా "వచ్చారు", జైలరూ "వచ్చారు". ఎవరు ఎవర్ని ఏరా అంటారో, ఎవర్ని అండీ అంటారో తెలీని లోకం. తెలుగువాడికి దానికన్నా పెద్ద సైన్స్ ఫిక్షన్ ఏముంటుంది?

నలభై పేజీలు చేసి ఆపేశాను. కానీ ఆ నలభై పేజీలతోనే ఆ నవల నాకు అర్థమైంది.

స్కైలాబ్_బాబాయ్ | శనివారం, ఉదయం 5:50

"దొంగ గారు వచ్చారు." పొద్దుగాల చాయ్ తాక్కుంట సదివిన, పొలమారింది.

పులికాట్_కొంగ | శనివారం, ఉదయం 10:10

తెలుగులో ఏం చదవాలని ఎవరూ అడగలేదు గానీ చెప్తాను. నేను ముందు చదివింది అసలు కథే కాదు, నండూరి రామమోహనరావుగారి 'విశ్వరూపం'. ఆకాశం గురించి తెలుగులో అంత హాయిగా రాసినవాళ్ళు తక్కువ. దూరాలంటే భయం పోయింది. ఆ తర్వాత ఏ అంతరిక్ష కథ ఇచ్చినా నాకు తెలిసిన వీధిలో నడిచినట్టే ఉండేది. సినిమాల్లో 'ఆదిత్య 369' సంగతి చెప్పనక్కర్లేదు. కృష్ణదేవరాయలి దగ్గరికి పోవడం అందరికీ గుర్తే. ముందుకెళ్ళి, యుద్ధం తర్వాత భూమి కింద బతికే మనుషుల్ని చూసే ముక్క మాత్రం చాలామంది మర్చిపోతారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నిద్ర పోగొట్టింది అదే.

కందిపొడి | ఆదివారం, రాత్రి 9:05

అందరికీ ఒకేసారి జవాబు రాస్తున్నాను, కోపం తెచ్చుకోకండి. వారమంతా బ్యాంకులో ఆడిటింగ్.

బాబాయ్ గారూ, 'నైట్‌ఫాల్' చదివాను. గోదారిగట్టు గారు చెప్పినట్టు పాత్రలు కాస్త బొమ్మలే. కానీ చివరి రెండు పేజీలు చదువుతుంటే నేను లేచి బాల్కనీలోకి వెళ్ళి పైకి చూశాను. మా వీధి దీపాల మధ్య నాలుగో ఐదో చుక్కలు. ఆ నాలుగూ కాసేపు కొత్తగా ఉన్నాయి. పిన్నిగారూ, మీ కథ ఇంకా మొదలుపెట్టలేదు, కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి.

అసలు సంగతి ఇది. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆవిడది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో ప్రాణాలతో మిగిలింది, వాళ్ళ చిన్నాన్న ఇంట్లో నలుగురు మిగల్లేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. పంతులుగారు చెప్పిన బోస్ కథ, ఆ నూనె సీసాది, మాటల్లో పడి నిన్న అమ్మకి చెప్పేశాను. చెబుతూ సగంలో నాలిక కరుచుకున్నాను. తుఫాను కథ అమ్మకి చెప్పడమేమిటి నేను!

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. బీన్స్ తుంచుతోంది. తర్వాత, "సీసా ఎంతది?" అంది.

"ఏమోనమ్మా, తలనూనె సీసా, చిన్నదే అయ్యుంటుంది."

"చాలదు," అంది. "అల తాటిచెట్టంత వచ్చింది. పీపాలు కావాలి. ఎవరు తీసుకెళ్ళి పోస్తారు? ఎన్ని పడవలు కావాలి?"

గదిలోంచి మావాడు బయటికొచ్చాడు. ఎప్పటినుంచి వింటున్నాడో. నీళ్ళ మీద నూనె పల్చగా పరుచుకుంటే చిన్న చిన్న అలలు నిజంగానే అణుగుతాయట, బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్లో ఒక చెరువులో చెంచాడు నూనె పోసి చూశాడట. ఉప్పెన అలా కాదు అమ్మమ్మా, అది గాలి సముద్రాన్నే ఎత్తి నెట్టడం, ఎన్ని పీపాలు పోసినా ఆగదు అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఎంత దూరంలో పొయ్యాలి, ఎన్ని గంటల ముందు పొయ్యాలి అని అడుగుతూనే ఉంది. వాడు కాగితం తెచ్చుకున్నాడు. రాత్రి పదకొండున్నరకి కూడా ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గరే. బంగాళాఖాతం బొమ్మ వేసి అమ్మ తన ఊరు ఎక్కడో వేలితో చూపిస్తోంది. ఆవిడ ఆ ఊరి పేరు పలకడం వాడు వినడం ఇదే మొదటిసారి.

నేను పక్కన కూర్చుని ఆ చైనా నవల మళ్ళీ తీశాను, చాపలు చుట్టుకునే చోటు నుంచి.

లెక్కల_పంతులు | ఆదివారం, రాత్రి 9:50

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఆ కాగితం పారెయ్యకండి.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:02

లెక్క ఎంత తేలింది? పీపాలు ఎన్ని?

కందిపొడి | ఆదివారం, రాత్రి 10:15

ఇంకా తేలలేదండీ. అమ్మ పడవలకి డీజిల్ ఖర్చు కలపమంటోంది.